తెరపై కొలతలు - మన అక్షరాలు

తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికే మేము కంప్యూటరు తెరను గురించి వ్రాయబూనడం చూచి విద్యార్థి మిత్రులు నవ్వుకొనవచ్చు. యంత్రవిద్య మా వృత్తి కాదు. మేము చదివిన ఎం.ఏ. పాఠ్యగ్రంథాలలో పిక్సెల్ అన్న మాట ఎక్కడా తగలలేదు. అయినను అక్షరానికి అపాయం కలిగిన చోట తెలుగు అధ్యాపకుడు నోరు మెదపక ఊరుకొనుట భావ్యం కాదని తోచినది. కంప్యూటరు శాఖలోని మిత్రుల వద్ద కొన్ని వారాలపాటు శిష్యరికం చేసి తెలిసికొన్న సంగతులను ఇక్కడ వివరింపదలచాము.

కథ ఒక పేరుతో మొదలయింది. ప్రవేశాల సమయాన విద్యార్థుల పేర్లను తెలుగులోను ఉర్దూలోను నమోదు చేసే ప్రోగ్రాము మా కళాశాలలో ఒకటి కలదు. పూర్వవిద్యార్థి ఒకరు అభిమానంతో వ్రాసి ఇచ్చినది. కార్యాలయంలోని పాత మానిటర్లమీద అది ఏండ్ల తరబడి ఏ చిక్కూ లేక నడిచింది. తరువాత ఒక కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. దానిమీద గుమాస్తాగారు ‘మునవ్వర్’ అని కొట్టగా తెరమీద ‘మునవర్’ అని మాత్రమే కనిపించింది. మీట సరిగా పడలేదేమోనని వారు వకారపు ఒత్తును మరల కొట్టారు. కనిపించలేదు. మూడవసారి గట్టిగా కొట్టారు. తీరా జాబితా అచ్చయి వచ్చిన తరువాత చూస్తే వకారం కింద ఒత్తులు ద్రాక్షగుత్తివలె వ్రేలాడుతున్నవి! ఆ పిల్లవాడు కాగితం పట్టుకొని మా వద్దకు వచ్చి, “సార్, నా పేరును మీరైనా ఒకసారి చదివి వినిపించండి” అన్నాడు.

అందరమూ నవ్వాము. కాని ఉపకారవేతనపు దరఖాస్తులకు ఆ జాబితాయే ఆధారమని గుర్తుకు రాగానే నవ్వు ఆగిపోయింది. పేరు ఒక కాగితంలో ఒక తీరుగాను మరొక కాగితంలో వేరొక తీరుగాను పడిన విద్యార్థి ఎన్ని దఫ్తరుల గడపలు తొక్కవలసి వస్తుందో అనుభవించినవారికే ఎరుక. జాబితాను మరల పరిశీలించగా, సరిగా కొట్టిన పేర్లు కూడ తెరమీద తప్పుగానే కనిపిస్తున్నవని తేలింది. ‘నల్లగొండ’ తెరమీద ‘నలగొండ’ అయింది. ‘పిల్లలమర్రి’ ‘పిలలమరి’ అయింది. ఇంగ్లీషు అక్షరానికి అడుగున తోక కొంచెం తెగినా మాటను పోల్చుకొనవచ్చును. తెలుగున అట్లు కాదు. ఒత్తు తెగితే మరొక మాట పుడుతుంది. గద్ద గద అవుతుంది, కల్ల కల అవుతుంది, అల్లా అలా అవుతుంది. చదువరికి ఏదో తెగినదన్న అనుమానమే కలుగదు.

మొదట ఫాంటును నిందించాము, పిమ్మట కీబోర్డును నిందించాము. రెండూ నిర్దోషులే. తప్పు తెర కొలతలో ఉన్నది. దీనిని కంప్యూటరువారు డిస్‌ప్లే స్కేలింగ్ అంటారు.

మన ప్రాంతపు విద్యార్థులకు దీనిని బోధించుటకు దూరం పోనక్కరలేదు. పోచంపల్లి, పుట్టపాక గ్రామాలు 2016లో జిల్లాలు విడిపోక ముందు నల్లగొండ జిల్లాలోనివే. అక్కడి ఇక్కత్ పనివారు నమూనాను ముందుగా గళ్ల కాగితంమీద గీసుకొంటారు. ఒక్కొక్క గడికి ఇన్ని పోగులని లెక్క. పువ్వు వెడల్పు అంగుళాలలో కాక పోగులలో నిర్ణయమవుతుంది. అంగుళానికి 40 పోగులు పట్టే నేతలో 80 పోగుల పువ్వు రెండు అంగుళాలు ఉంటుంది. లెక్క మార్చకుండ అదే పువ్వును అంగుళానికి 80 పోగులు పట్టే సన్నని నూలుమీద నేసినచో ఒక్క అంగుళానికి కుంచించుకొనిపోతుంది. లెక్క తప్పలేదు, చేయి తప్పలేదు. పోగు సన్నబడింది, అంతే.

తెరమీది పోగు పేరే పిక్సెల్. తెర అంతా సన్నని చుక్కల నేత. 24 అంగుళాల మానిటరుమీద అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉన్నచో అంగుళానికి సుమారు 92 చుక్కలు పడతాయి. అన్నే చుక్కలు 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఇమిడినప్పుడు అంగుళానికి 157 వరకు వస్తాయి. 96 చుక్కల వెడల్పు గల ఒక మీటబొమ్మ మొదటి తెరమీద అంగుళం పైచిలుకు ఉంటే, రెండవదానిమీద అంగుళంలో అరవై వంతులకు అటూఇటూగా, అనగా వేలిగోరంతకు దిగుతుంది. అక్షరాలూ అంతే. చత్వారం వచ్చిన మా సీనియరు ఉపన్యాసకుల మాట అటుంచి, పద్దెనిమిదేండ్ల పిల్లలే కళ్లు చికిలించవలసి వస్తుంది.

దీనికి విరుగుడుగా వచ్చినదే స్కేలింగు. 1984 నాటి తొలి మాకింతోష్ యంత్రంలో అంగుళానికి 72 చుక్కలు. అచ్చు పనిలో పాయింటు అనే కొలత కూడ అంగుళంలో 72వ వంతే కనుక, అక్కడ ఒక పాయింటుకు ఒక చుక్క చొప్పున లెక్క సుఖంగా సరిపోయింది. విండోస్‌వారు 96 అని పెట్టుకొన్నారు. పుస్తకం కంటె తెర కంటికి కొంత దూరాన ఉంటుంది గనుక మూడవవంతు పెంచారని దీనికి కారణం చెబుతారు. నాటినుండి నేటివరకు విండోస్‌లో నూరు శాతం అనగా 96 అనియే అర్థం. 125 శాతమనగా 120, 150 శాతమనగా 144, 200 శాతమనగా 192. అంగుళంలో ఎన్ని చుక్కలున్నవని ప్రోగ్రాము అడిగినప్పుడు వ్యవస్థ చెప్పే జవాబు ఇది. నిజంగా అద్దంమీద స్కేలు పెట్టి కొలిచిన అంకె కాదు. ఇది ఒప్పందపు అంగుళం.

2010లో ఆపిల్ సంస్థవారి ఐఫోన్ 4, 2012లో వారి ల్యాప్‌టాప్ అతి సన్నని నేత గల తెరలతో వచ్చాయి. నాటినుండి ఈ సమస్య అందరి ఇంటికీ వచ్చింది. ఆపిల్‌వారు తెలివిగా సరిగ్గా రెండింతలు అన్న మార్గం పట్టారు. ఒక చుక్క స్థానంలో నాలుగు చుక్కలు. మిగులు లేదు, తగులు లేదు. విండోస్‌వారికి ఆ వీలు లేకపోయింది. వారి వ్యవస్థ నానా కంపెనీల నానా తెరలమీద నడవాలి. అందుచేత ఒకటింపావు, ఒకటిన్నర వంటి భిన్నాలు తప్పలేదు. భిన్నం వచ్చిన చోట పేచీ రాక మానదు. ఒక చుక్క మందం గల గీతను 125 శాతానికి పెంచితే ఒకటింపావు చుక్క కావాలి. పావు చుక్క అనేది తెరమీద లేదు. కనుక ఒకచోట గీత ఒక చుక్కగాను, మరొకచోట రెండు చుక్కలుగాను పడుతుంది. పట్టికలలో గీతలు కొన్ని లావుగా, కొన్ని సన్నగా కనిపించుటకు కారణం ఇదియే.

ఇంతకూ పెంచేది ఎవరు? వ్యవస్థయా, ప్రోగ్రామా? అసలు చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది. 2007లో వచ్చిన విండోస్ విస్టానుండి ఒక పద్ధతి అమలులోకి వచ్చింది. తనకు స్కేలింగు తెలియునని చెప్పని ప్రోగ్రామును వ్యవస్థ పాత 96 లెక్కలోనే గీయనిచ్చి, ఆ గీసిన బొమ్మను ఫోటోను సాగదీసినట్లు సాగదీస్తుంది. అప్పుడు అన్నీ సరైన నిష్పత్తిలో పెరుగుతాయి, ఏదీ తెగదు; కాని అక్షరాలు పొగమంచులోనుండి చూచినట్లు మసకబారుతాయి. తనకు తెలియునని ప్రోగ్రాము ప్రకటించినచో వ్యవస్థ తన చేయి తీసివేస్తుంది. ఇక అక్షరం, పెట్టె, బొమ్మ, గీత, నడుమ ఖాళీ - అన్నింటిని పెంచే బాధ్యత ప్రోగ్రాముదే.

మా ప్రోగ్రాముకు పట్టిన గ్రహం ఇక్కడ దొరికింది. కొత్త ల్యాప్‌టాప్ 150 శాతంమీద ఉన్నది. మొదటివారంలో అక్షరాలు మసకగా ఉన్నవని కార్యాలయంవారు ఫిర్యాదు చేశారు. పూర్వవిద్యార్థి ఫోనుమీదనే ‘తెలియును’ అన్న ఆ ఒక్క ప్రకటనను చేర్పించాడు. మసక పోయింది, దానితోపాటు ఒత్తు కూడ పోయింది. ఎందువలన? అక్షరం పరిమాణాన్ని అతడు 12 పాయింట్లని ఇచ్చాడు. పాయింటు కొలత గనుక అది నూరు శాతం వద్ద 16 చుక్కలు, 150 శాతం వద్ద 24 చుక్కలు అయి తనంత తాను పెరిగింది. పేరు వ్రాసే పెట్టె ఎత్తు మాత్రం 30 చుక్కలని అంకె వేసి బిగించాడు. బిగించిన అంకె పెరగదు. పిల్లవాడు పెరిగాడు, చొక్కా పెరగలేదు. 24 చుక్కల ఇంగ్లీషు అక్షరం ఆ 30లో ఎలాగో ఇమిడింది. ఒత్తుతో కూడిన తెలుగు అక్షరానికి ఆ చోటు చాలక అడుగుభాగం పెట్టె అంచు కిందికి పోయి మాయమయింది. పేరులో ఒత్తు ఉన్నది, తెరమీద లేదు. అతడు తన ఇంటి యంత్రంమీద ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి అంతా బాగున్నదని అనుకొన్నాడు. అతనిని తప్పుపట్టుటకు మాకు మనసు రాలేదు.

నిజానికి ఇది ఒక్కరి పొరపాటు కాదు. విండోస్‌లో ప్రశ్నజవాబుల పెట్టెలను, అనగా డైలాగులను, చుక్కలతో కాక అక్షరంతో కొలిచే పద్ధతి మొదటినుండి కలదు. అక్షరపు సగటు వెడల్పులో నాలుగవవంతు అడ్డపు కొలత. ఎత్తులో ఎనిమిదవవంతు నిలువు కొలత. అక్షరం పెరిగితే పెట్టె పెరుగుతుంది. ఎంత చక్కని ఊహ! కాని ఆ అక్షరం ఎవరి అక్షరం? సగటు కట్టేది ఇంగ్లీషు పెద్దబడి చిన్నబడి అక్షరాలు 52 తీసుకొని. కొలత వారిది, అందులో కూర్చునేది మనము.

మరొక సూక్ష్మం ఉన్నది. విండోస్ కిటికీలలో సామాన్యంగా కనిపించే సెగో యూఐ అనే ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు మాట రాగానే వ్యవస్థ వేరొక ఫాంటునుండి, ప్రాయికంగా నిర్మలా యూఐనుండి, అక్షరాలను అరువు తెచ్చి చూపుతుంది. అరువు వచ్చిన అక్షరం తన ఎత్తుతో తాను వస్తుంది. ప్రోగ్రాము మాత్రం సెగో ఎత్తును చూచి పెట్టె కట్టి ఉంటుంది. నూరు శాతం వద్ద ఈ తేడా ఉన్నా స్వల్పమే గనుక ఎవరికీ పట్టదు. స్కేలింగు పెరిగిన కొలది తేడా కూడ పెరుగుతుంది. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటలలో ఒక ఒత్తుకు మరొక ఒత్తు తోడయి ఇంకను చోటు కోరుతాయి.

ఉర్దూ గతి మరింత సంకటం. ఫాంటు పేరు చెప్పకుండ వదలినచో ఉర్దూ మాట నస్ఖ్ రూపంలో వస్తుంది. మన ఉర్దూ శాఖవారు దానిని చదువగలరు గాని ఇష్టపడరు, నస్తాలీఖ్ కావాలంటారు. వారి కోరిక న్యాయమైనదే. నస్తాలీఖ్‌లో మాట కుడివైపున పైనుండి మొదలయి ఎడమవైపుకు మెట్లు దిగినట్లు దిగుతుంది. కలిసిన అక్షరాలు ఎక్కువైన కొలది ఆరంభం మరింత పైకి పోతుంది. కనుక తెలుగు పేరు కింద తెగితే, ఉర్దూ పేరు పైనను కిందను తెగుతుంది. కింద ఒక నుఖ్తా ఉంటే బే, మూడు నుఖ్తాలు ఉంటే పే. ఆ అడుగుభాగమే పోయిన తరువాత ఏది బే, ఏది పే?

ఈ నుఖ్తా మాట వచ్చినది గనుక ఒక విషయం చెప్పక తప్పదు. క్రీ.శ. 940లో మరణించిన ఇబ్న్ ముఖ్లా బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫాలకు వజీరు. గొప్ప లిపికారుడు కూడ. అక్షరాలకు నిష్పత్తిని ఏర్పరచిన కీర్తి అతనికి దక్కింది. అతని పద్ధతిలో కొలబద్ద అంగుళం కాదు, వ్రేలు కాదు. ఖలం మొనను కాగితంమీద ఒక్కసారి అదిమినప్పుడు పడే నాలుగు మూలల చుక్కయే కొలబద్ద. అలిఫ్ ఎత్తు ఇన్ని నుఖ్తాలు, బే వెడల్పు ఇన్ని నుఖ్తాలు అని లెక్క. సన్నని ఖలం పట్టినా లావు ఖలం పట్టినా నిష్పత్తి చెడదు. ఖలం మారితే నుఖ్తా మారుతుంది. నుఖ్తా మారితే అలిఫ్ దానితోపాటే మారుతుంది. 1981లో పాకిస్తానులోని జంగ్ పత్రిక నూరీ నస్తాలీఖ్ అక్షరాలతో వెలువడువరకు ఉర్దూ దినపత్రికలు ప్రధానంగా కాతిబుల చేతిమీదనే ఆధారపడినవి. ఆ కాతిబులందరూ ఉస్తాదు వద్ద నేర్చినది ఈ లెక్కయే. నేడు ప్రోగ్రాము వ్రాసేవారికి గురువులు చెప్పే మాట కూడ ఇదే: చుక్కలను లెక్కపెట్టవద్దు, అక్షరాన్ని ప్రమాణంగా తీసుకొనుము. వెయ్యేండ్ల కిందటి కాతిబుకు తెలిసిన సంగతి మన యంత్రాలు ఇంత ఆలస్యంగా నేర్చుకొనుట చూస్తే మాకు కొంత వినోదంగాను ఉన్నది.

ఒక యంత్రానికి రెండు తెరలు తగిలించినప్పుడు మరొక అవస్థ. తరగతిలో ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టరు కలుపుతాము. ల్యాప్‌టాప్ 150 శాతంమీద, ప్రొజెక్టరు 100 శాతంమీద ఉంటుంది. గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచు అతికినట్లు ఇక్కడ ఒకే కిటికీ రెండు నేతలమీద పోవలసి ఉంటుంది. మొదటి తెర లెక్క ఒక్కటే తెలిసిన ప్రోగ్రాము రెండవ తెరమీదకు పోగానే మసకబారుతుంది. 2013లో విండోస్ 8.1తో, కిటికీ తెర మారినప్పుడు ‘నీ లెక్క మారింది, ఇదిగో కొత్త కొలత’ అని ప్రోగ్రాముకు కబురు పంపే ఏర్పాటు వచ్చింది. 2017లో విండోస్ 10 దానిని మెరుగుపరచింది. కబురు అందుకొని ప్రతి అంగాన్ని తిరిగి అమర్చుకొనుట మాత్రం ప్రోగ్రాము పనే. కబురు వచ్చినా తలుపు తీయని ప్రోగ్రాములు ఇప్పటికీ ఎన్నో కలవు.

ఇన్ని అవస్థలెందుకు, స్కేలింగును నూరుకు తగ్గించిన సరిపోవునుగదా అని సలహా చెప్పేవారున్నారు. మా కార్యాలయంలోను ముందుగా జరిగినది అదే. ఒత్తులు తిరిగి వచ్చాయి. కాని అక్షరాలు చీమలంతయి గుమాస్తాగారికి సాయంకాలానికి తలనొప్పి మొదలయింది. ఇది చెప్పు బిగువైనదని కాలిని చెక్కుకొనుట వంటిది. మేము దీనిని అంగీకరింపము. స్కేలింగు అనేది చూపు తగ్గినవారికి యంత్రం ఇచ్చే ఊతకర్ర. ప్రోగ్రాము సుఖంకోసం మనిషి చేతిలోని కర్ర లాగివేయరాదు.

మరొక తమాషా కూడ చూచాము. మా ప్రయోగశాలలోని పాత ల్యాప్‌టాప్‌లలో అడ్డముగా 1366, నిలువుగా 768 చుక్కలు. వానిమీద 125 శాతం పెట్టినచో ప్రోగ్రాముకు నిజంగా మిగిలే ఎత్తు 614 మాత్రమే. 700 ఎత్తున కట్టిన దరఖాస్తు కిటికీలో అడుగున ఉండే ‘భద్రపరచు’ మీట తెరకు బయట ఉండిపోతుంది. ఒక విద్యార్థిని అరగంటసేపు వివరాలన్నీ నింపి, ఆ మీట ఎక్కడున్నదో తెలియక, చివరకు కిటికీ మూసివేసింది. చేసినదంతా పోయింది. జరపడానికి పక్కన ఒక స్క్రోలు పట్టీ ఉంటే ఆ అమ్మాయి శ్రమ నిలిచేది.

మా ప్రోగ్రామును కంప్యూటరు శాఖ మూడవ సంవత్సరపు విద్యార్థులు ఇద్దరు చేపట్టారు. వారు చేసినది వినడానికి చాల చిన్నది. 30 అన్న అంకెను తీసివేశారు. ఇప్పుడు ప్రోగ్రాము పెట్టె కట్టకముందు, ‘ఈ పేరు ఈ ఫాంటులో ఈ తెరమీద ఎంత ఎత్తు కోరును?’ అని వ్యవస్థను అడిగి, వచ్చిన జవాబునుబట్టి కట్టుకొంటుంది. పెట్టె పెరిగితే దాని కిందివన్నీ తామే సర్దుకొని జరిగేటట్లు వరుసలలో అమర్చారు. మీటలమీది బొమ్మలను ఒకే పరిమాణంలో కాక 16, 20, 24, 32 చుక్కలలో నాలుగు తీర్ల గీసి పెట్టారు. కిటికీ పట్టని చోట స్క్రోలు పట్టీ వచ్చేటట్లు చేశారు. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించుట మానివేశారు. రాష్ట్రం, స్త్రీ, పిల్లలమర్రి, మునవ్వర్ అనే మాటలను, ఉర్దూలో పొడుగాటి పేర్లను నాలుగింటిని ఒక కాగితంమీద వ్రాసుకొని, 100, 125, 150, 200 శాతాల వద్ద ఒక్కొక్కటిగా చూచారు. ఆ కాగితాన్ని ప్రయోగశాల గోడకు అంటించారు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఇకమీదట గ్రంథాలయానికో ఫీజుల లెక్కకో ప్రోగ్రాము కొనవలసి వచ్చినప్పుడు, డబ్బు చెల్లించుటకు ముందుగా ఆ కాగితాన్ని అమ్మేవారి చేతికిచ్చి 150 శాతంమీద మన కళ్లముందు కొట్టి చూపమనండి. పది నిమిషాల పని. ధర అడుగుటకు సంకోచింపని మనము దీనికి మాత్రం ఎందుకు సంకోచించాలి?

మునవ్వర్ పేరులో ఇప్పుడు తెరమీదను కాగితంమీదను ఒక్కటే ఒత్తు ఉన్నది. ఉర్దూ గడిలో మాత్రం ప్రొజెక్టరుమీదకు కిటికీని లాగినప్పుడు పొడుగాటి పేర్ల తల ఇంకను కొద్దిగా తెగుతున్నది. పరీక్షలు ముగియగానే చూస్తామని ఆ విద్యార్థులిద్దరూ చెప్పారు.